రంగు కన్నా ముందు కప్పు చూడండి

(సంఘం వార్షిక సమ్మేళనంలో, యువజన సదస్సులో చేసిన ప్రసంగం)



  ఒకప్పుడు మా హాస్టల్లో రెండు జడలతో తిరిగి, ఇవాళ చంకన బిడ్డనెత్తుకుని వచ్చి "గుర్తుపట్టారా మేడం" అని అడిగిన నా పిల్లలకు మరీ మరీ రాం రాం. మిమ్మల్ని మరిచిపోతానా!

యువజన విభాగం వాళ్లు నాకొక అంశం ఇచ్చారు. విదేశాలకు వెళ్లి అక్కడి బడి భవనాలు బాగుచేసే స్వచ్ఛంద సేవ గురించి మాట్లాడమన్నారు. ఈమెకెందుకు ఇచ్చారని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. నేను విదేశం చూసినదాన్ని కాదు. నాకు పాస్‌పోర్టు కూడా లేదు. చదివింది టీచరు ట్రైనింగు, చేస్తున్నది వార్డెన్ ఉద్యోగం. కానీ ఇరవై ఏళ్లుగా వానకాలంలో కప్పు కారితే బకెట్లు పెట్టించేది నేను. బాత్‌రూం తలుపుకు గడియ ఊడితే పరుగెత్తేది నేను. "సేవ చేయడానికి వచ్చాం" అని బయటి నుంచి ఎవరొచ్చినా గేటు దగ్గర మొదట మాట్లాడేది కూడా నేనే. అంటే సేవ చేసేవాళ్ల వైపు కాకుండా, సేవ అందుకునేవాళ్ల వైపు నిలబడ్డదాన్ని. ఆ వైపు నుంచి చూస్తే ఏం కనిపిస్తుందో అదే మీకు చెబుతాను.

ఈ మధ్య మన పిల్లలు ఇద్దరు ముగ్గురు నన్ను ఒకే సంగతి అడిగారు. ఫోనులో ప్రకటన వస్తుంది. పేద దేశంలో బడి కట్టండి, బడికి రంగులు వేయండి, రెండు వారాలు చాలు, సర్టిఫికెట్ ఇస్తాం అని ఉంటుంది. చుట్టూ నవ్వుతున్న చిన్నపిల్లలు, మధ్యలో బ్రష్షు పట్టుకున్న అమ్మాయి ఫొటో ఉంటుంది. మా హాస్టల్లో చదివి, తర్వాత పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసిన ఒక అమ్మాయికి అలా ఒక అవకాశం వచ్చింది. ఫీజు వేరు, విమానం టికెట్టు వేరు, వీసా వేరు. అన్నీ కలిపితే వాళ్ల నాన్నకున్న జోడెడ్ల ధర అయింది. ఆయన ఎడ్లు అమ్మడానికి సిద్ధపడి, చివరిమాటగా నా దగ్గరికి వచ్చాడు. "పంపమంటారా మేడం?" అన్నాడు.

ఎడ్లు అమ్మొద్దని చెప్పాను. అమ్మాయిని వెళ్లొద్దని మాత్రం చెప్పలేదు. ఈ రెండు మాటలు ఎందుకు చెప్పానో మీకు వివరిస్తే నా ప్రసంగం పూర్తయినట్టే.

ముందుగా, ఈ సేవ ఎక్కడ మొదలైందో తెలుసుకుందాం. మొదటి ప్రపంచ యుద్ధం 1918లో ముగిసింది. ఫ్రాన్సులో వెర్డన్ ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లే నేలమట్టమయ్యాయి. పియేర్ సెరెసోల్ అనే స్విట్జర్లాండ్ ఇంజినీరు 1920లో అక్కడి ఎన్ అనే ఊరికి కొద్దిమందిని వెంటబెట్టుకుని వెళ్లాడు. నిన్నటిదాకా శత్రువులైన దేశాలవాళ్లు ఆ గుంపులో కలిసి ఉన్నారు. పారలు, గడ్డపారలు పట్టుకుని శిథిలాలు తీశారు, ఉండడానికి గుడిసెలు కట్టారు. తుపాకీ పట్టకుండానే దేశానికి, లోకానికి సేవ చేయవచ్చని చూపించడం ఆయన ఉద్దేశం. దాని నుంచే సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ పుట్టింది. ఇవాళ ప్రపంచమంతటా జరుగుతున్న అంతర్జాతీయ శ్రమదాన శిబిరాలకు మూలం అదే.

ఆ సెరెసోల్ మన దేశానికి కూడా వచ్చాడు. 1934 జనవరి 15న బిహార్‌లో పెద్ద భూకంపం వచ్చింది. సహాయ కార్యక్రమాలకు రాజేంద్రప్రసాద్ గారు ముందు నిలిచారు. సెరెసోల్, ఆయన మిత్రులు వచ్చి ఇక్కడివాళ్లతో కలిసి ఊళ్లు తిరిగి కట్టే పనిలో దిగారు. 1934 నుంచి 1937 దాకా ఆ పని సాగింది. అంటే విదేశీ వాలంటీర్లు మన మట్టిలో పని చేయడం ఎనభై తొంభై ఏళ్ల కిందటి మాట. ఇక్కడ మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి. వచ్చినవాడికి పని తెలుసు, ఆయన ఇంజినీరు. పని ఏళ్ల తరబడి సాగింది, వారాల్లో ముగిసిపోలేదు. స్థానికులే నడుపుతున్న పనిలో వచ్చి చేరాడు తప్ప, తన పని తెచ్చి వాళ్ల మీద పెట్టలేదు.

కాలం గడిచేకొద్దీ ఆ సేవలోకి వ్యాపారం వచ్చి చేరింది. విహారయాత్రలు నడిపే కంపెనీలు "వారం రోజులు సేవ, మూడు రోజులు అడవి జంతువుల సందర్శన" అని కలిపి అమ్మడం మొదలుపెట్టాయి. అప్పుడేం జరిగిందో అమెరికా రచయిత్రి పిప్పా బిడిల్ 2014లో బయటపెట్టింది. ఆమె స్కూల్లో చదివే రోజుల్లో తోటి విద్యార్థినులతో కలిసి టాంజానియాకు వెళ్లింది. ఒక అనాథాశ్రమంలో గ్రంథాలయం కట్టడం వాళ్ల పని. వాళ్లెవరికీ ఇటుక పేర్చడం రాదు. పగలంతా వాళ్లు వంకరటింకరగా గోడ లేపేవాళ్లు. రాత్రి ఊరి మేస్త్రీలు వచ్చి ఆ ఇటుకలు ఊడదీసి, మళ్లీ సరిగ్గా కట్టి వెళ్లేవాళ్లు. పొద్దున లేచిన అమ్మాయిలకు ఆ సంగతి తెలియకూడదని అలా చేసేవాళ్లు. ఆమె ఒకరోజు అది కనిపెట్టింది. తర్వాత దాని గురించి రాసింది, 2021లో ఇదే విషయం మీద పుస్తకం కూడా వేసింది.

ఆ అమ్మాయిలది చెడ్డ మనసు కాదు. కష్టపడ్డారు, ఎండలో నిలబడ్డారు, డబ్బు కూడా పోగుచేశారు. కానీ వాళ్ల వల్ల ఊరి మేస్త్రీకి పని తగ్గలేదు, రెట్టింపైంది. ఊళ్లో పని వచ్చినవాళ్లు ఉండగా, పని రానివాళ్లను సముద్రాలు దాటించి తెచ్చారు. అక్కడి పిల్లలు ఏం నేర్చుకుని ఉంటారో ఆలోచించండి. మన బడి కట్టాలంటే దూరదేశం నుంచి ఎవరో రావాలి, మన నాన్నకు చేతకాదు అనే కదా! ఆ గోడను నిజంగా కట్టింది వాళ్ల నాన్నలే. అది పిల్లలకు కనిపించకుండా పోయింది. ఒక వార్డెన్‌గా నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

ఇప్పుడు ఎడ్ల లెక్కకు వద్దాం. మేస్త్రీకి రోజుకు 1,000 రూపాయలు అనుకుందాం. టికెట్టు, ఫీజు, వీసా కలిపి 1,50,000 అనుకుందాం. ఆ డబ్బుతో ఒక మేస్త్రీ 150 రోజులు పని చేస్తాడు. 150 రోజుల పనితో ఎన్ని బడుల కప్పులు బాగవుతాయి! పని రాని మనిషి రెండు వారాలు చేసే పనికి అంత ఖర్చా? ఆ తండ్రికి ఇదే లెక్క చెప్పాను. ఆయన బడికి వెళ్లలేదు కానీ లెక్క తెలియనివాడు కాదు. ఎడ్లు కొట్టంలోనే ఉన్నాయి.

ఇది ఎక్కడో టాంజానియా కథ, మనకెందుకు అనుకోకండి. కొన్నేళ్ల కిందట ఒక బృందం మా హాస్టల్‌కు వచ్చింది. అందరూ మర్యాదస్తులే. నాలుగు రోజులుండి గోడల మీద సీతాకోకచిలుకలు, చెట్లు, ఏబీసీడీలు వేశారు. పిల్లలు సంబరపడ్డారు. జూలైలో ముసురు పట్టింది. ఆగస్టు వచ్చేసరికి సీతాకోకచిలుకల రెక్కలు పెచ్చులు పెచ్చులుగా ఊడి పిల్లల పరుపుల మీద పడ్డాయి. గోడలో చెమ్మ ఉంది. ఆ చెమ్మ స్లాబు మీద నిలిచిన నీళ్ల నుంచి వస్తోంది. నీళ్లు ఎందుకు నిలిచాయంటే, పోయే గొట్టంలో చెట్ల ఆకులు దట్టంగా ఇరుక్కున్నాయి, స్లాబు వాలు ఒక మూల దిగిపోయింది. వచ్చినవాళ్లలో ఒక్కరూ నిచ్చెన వేసి పైకెక్కి చూడలేదు. "మీకేం కావాలి" అని నన్ను గానీ, మా వంటమనిషిని గానీ అడగలేదు. అడిగి ఉంటే, వానొస్తే ఎటు వైపు మంచాలు జరపాలో ఆరో తరగతి పిల్ల కూడా చెప్పేది.

దాన్ని బాగుచేసింది మా పిల్ల ఒకరి తండ్రి. ఆయన సుతారి మేస్త్రీ. మూడు రోజులు పట్టింది. గొట్టం శుభ్రం చేసి, దాని మూతికి జాలి బిగించాడు. స్లాబు మీద పాత పూత చెక్కేసి, నీళ్లు గొట్టం వైపు పారేటట్టు వాలు పోశాడు. గోడ పూర్తిగా ఎండేదాకా రంగు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి వెళ్లాడు. నేను చెప్పిన ఆ డిప్లొమా అమ్మాయి ఇప్పుడు సెలవు రోజుల్లో ఆయన వెంటే వెళ్లి పని నేర్చుకుంటోంది. పుస్తకంలో చదివిన వాలు, చేత్తో పోసిన వాలు ఒకటి కాదని ఆమే నాతో అంది.

బడిని బాగుచేయడమంటే ఏమిటో వార్డెన్‌గా నా వరస చెబుతాను. మొదట కప్పు. తర్వాత నీళ్లు, అంటే బోరు, ట్యాంకు, నల్లాలు. తర్వాత మరుగుదొడ్లు, వాటికి తలుపులు, తలుపులకు లోపలి గడియలు. ఆడపిల్ల బడి మానేయడానికి గడియ లేని తలుపు ఒక్కటి చాలు. తర్వాత కరెంటు తీగలు. తర్వాత కిటికీలు, గాలి, వెలుతురు. తర్వాత నడవలేని పిల్లల కోసం వాలు దారి. అన్నీ అయ్యాక రంగు. 2022లో మన రాష్ట్రంలో "మన ఊరు – మన బడి" మొదలుపెట్టినప్పుడు పన్నెండు రకాల పనులు రాసుకున్నారు. ఆ పన్నెండింటిలో రంగు ఒక్కటి మాత్రమే. కానీ ఫొటోలో కనిపించేది రంగే కాబట్టి, సేవకు వచ్చినవాళ్ల చెయ్యి మొదట దాని మీదికే పోతుంది.

బడి గోడ పిల్లల ప్రాణాలకు సంబంధించినది కూడా. నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25న భూకంపం వచ్చింది. తీవ్రత 7.8. వేల తరగతి గదులు కూలిపోయాయి. ఆ రోజు శనివారం. నేపాల్‌లో శనివారం బడులకు సెలవు. సెలవు కాకపోయి ఉంటే ఏమై ఉండేదో తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. అయితే అక్కడ కొన్ని బడులను భూకంపానికి ముందే పటిష్ఠం చేసి ఉంచారు. అవి గట్టిగా నిలబడ్డాయి. ఆ పద్ధతిని నిపుణులు రూపొందిస్తే, దాన్ని నేర్చుకుని చేతులతో చేసింది అక్కడి మేస్త్రీలు. ఇనుప చువ్వ ఎక్కడ వంచాలి, మూలలను ఎలా కట్టాలి, గోడకు పట్టీ ఎక్కడ వేయాలి అన్నవి రెండు వారాల ఉత్సాహంతో వచ్చే విద్యలు కావు. తెలియనివాడు కట్టిన గోడ కూలితే, దాని కింద ఉండేది ఒకరి బిడ్డ.

"అంటే వెళ్లొద్దంటున్నారా మేడం?" అని మీరు అడుగుతారు. దానికి జవాబుగా ఒక మనిషి గురించి చెబుతాను. ఈయన పేరు మీ ఫోన్లలో రాసుకోండి. ఫ్రాన్సిస్ కేరే. ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో దేశంలో గాండో అనే చిన్న పల్లె ఆయనది. 1965లో పుట్టాడు. తండ్రి ఆ ఊరి పెద్ద, మన పటేలు లాంటివాడు. ఆ ఊరి నుంచి బడికి వెళ్లిన మొదటి పిల్లవాడు ఈయనే. ఊళ్లో బడి లేదు కాబట్టి ఏడేళ్ల వయసులో ఇల్లు వదిలి పట్నానికి పోవలసి వచ్చింది. అక్కడ ఇరుకు గదిలో నూరు మందికి పైగా పిల్లలు, గాలి లేదు, వెలుతురు లేదు, లోపలంతా ఉక్క. మీలో ఎంతమంది ఏడెనిమిదేళ్లకే తల్లిని వదిలి ఆశ్రమ పాఠశాలకు వచ్చారో నాకు తెలుసు. మొదటి వారం రాత్రుళ్లు మీరు ఏడ్చిన ఏడుపూ నాకు తెలుసు. ఆయన కథ మీకు నేను విడమరచి చెప్పనక్కర్లేదు.

కేరే మొదట నేర్చుకున్నది వడ్రంగం, మన వైపు మాటలో వడ్ల పని. 1985లో వడ్ల పనిలో శిక్షణ కోసం స్కాలర్‌షిప్ మీద జర్మనీ వెళ్లాడు. పగలు పని, రాత్రి చదువు. తర్వాత బెర్లిన్‌లో వాస్తుశిల్పం చదవడానికి చేరాడు. చదువుతూ ఉండగానే 1998లో మిత్రులతో కలిసి ఒక సంఘం పెట్టి, తన ఊళ్లో బడి కట్టడానికి చందాలు పోగుచేశాడు. 2001లో గాండోలో బడి లేచింది. అప్పటికి ఆయన చేతికి డిగ్రీ పట్టా రాలేదు. పట్టా 2004లో వచ్చింది. అదే ఏడాది ఆ బడికి ఆగాఖాన్ పురస్కారం కూడా వచ్చింది. 2022లో ఆయనకు ప్రిట్జ్‌కర్ బహుమతి ఇచ్చారు. భవన నిర్మాణ కళలో అంతకు మించిన బహుమతి లేదంటారు. ఆఫ్రికా నుంచి అది అందుకున్న మొదటి మనిషి ఆయనే.

ఆ బడి ఎలా కట్టాడో చూడండి. మట్టితో కడతానన్నాడు. ఊరివాళ్లు ఒప్పుకోలేదు. మట్టి గోడ వానకు కరిగిపోతుంది, జర్మనీలో చదివి వచ్చి మాకు మళ్లీ మట్టేనా అన్నారు. మన ఊళ్లో అయినా అదే అంటారు. ఆయన కోప్పడలేదు. మట్టిలో కొంచెం సిమెంటు కలిపి, అచ్చులో ఒత్తి ఇటుకలు చేసి చూపించాడు. లోపల ఇటుకలతో ఒక కప్పు వేసి, దానిపైన ఎత్తుగా రేకుల కప్పు లేపాడు. రెండింటి మధ్య నుంచి గాలి ఆడుతుంది, రేకుల వేడి గదిలోకి దిగదు. రేకులు గోడల కన్నా బాగా ముందుకు చాచి ఉంటాయి కాబట్టి వాన గోడను కొట్టదు. ఎండాకాలంలో రేకుల షెడ్డులో క్లాసు చెప్పిన ఏ టీచరుకైనా దాని విలువ తెలుస్తుంది.

ఇంక పని ఎవరు చేశారు? ఊరంతా చేసింది. పిల్లలు వచ్చేటప్పుడు పునాది కోసం తలా ఒక రాయి మోసుకొచ్చారు. ఆడవాళ్లు నేలను దిమ్మిసలతో కొట్టి గట్టిపరిచారు. మనవాళ్లు ఇల్లు అలికినట్టే అది వాళ్లకు తరతరాల విద్య. యువకులు ఇటుక చేయడం, ఇనుప కడ్డీలు అతకడం నేర్చుకున్నారు. ఆ పని పట్టుకుని తర్వాత వేరేచోట్ల కూడా సంపాదించుకున్నారు. 120 మంది పిల్లలతో మొదలైన బడి 700 మంది దాకా పెరిగింది. అది ఎవరో ఇచ్చిన బడి కాదు కాబట్టి చిన్న రిపేరు వస్తే ఎవరి కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. కట్టిన చేతులు ఊళ్లోనే ఉన్నాయి.

విదేశం వెళ్లడానికి ఇదొక దారి. ఎడ్లు అమ్మి, ఫొటో కోసం వెళ్లి, బ్రష్షు పట్టుకుని రావడం ఒకటి. చేతికి పని నేర్చుకుని, ఆ పనిలో ఇంకా పై మెట్టు కోసం వెళ్లి, ఊరికి పనికొచ్చేది పట్టుకుని రావడం మరొకటి. నేను మీకు చెప్పేది రెండోది.

ఇది మన నేలకు కూడా కొత్త మాట కాదు. మన మార్లవాయి ఉంది కదా, పద్మశ్రీ గుస్సాడీ కనకరాజు గారి ఊరు. 1940లో కుమ్రం భీం వీరమరణం తర్వాత, ఆస్ట్రియా దేశస్థుడైన హైమన్‌డార్ఫ్ అక్కడికి వచ్చి, భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి గుడిసెలో ఉన్నాడు. ఆయన నిజాం ప్రభుత్వం కోసం పని చేశాడు, ఉచితంగా సేవకు వచ్చినవాడు కాదు. ఆ సంగతి ఉన్నదున్నట్టే చెప్పుకోవాలి. కానీ ఆయన చేసిన పని చూడండి. మన మాట నేర్చుకున్నాడు. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీని నాగరి లిపిలో రాసి వాచకాలు తయారుచేయించారు. బయటి పంతుళ్లను తెచ్చి పెట్టకుండా, గోండులనే పంతుళ్లుగా తయారుచేశారు. వచ్చినవాళ్లు వెళ్లిపోయినా పంతుళ్లు మిగిలారు. అందుకే మనవాళ్లు ఆ దంపతులను ఇంకా తలుచుకుంటారు. మార్లవాయిలో వాళ్ల సమాధుల దగ్గరికి ఏటా జనవరిలో జనం వెళ్తారు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సేవను కొలిచే కొలత ఒకటే. వాలంటీరు వెళ్లిపోయాక ఊళ్లో ఏం మిగిలింది? పని నేర్చిన మనిషి మిగిలాడా, పెచ్చులూడే రంగు మిగిలిందా?

మీకు ఎక్కడి నుంచైనా పిలుపు వస్తే ఐదు ప్రశ్నలు అడగండి.

ఒకటి, ఈ పని కావాలని ఎవరు అడిగారు? ఆ బడి టీచర్లా, తల్లిదండ్రులా, లేక యాత్ర నడిపే కంపెనీనా?

రెండు, నేను కట్టే డబ్బు ఎవరికి చేరుతుంది? అందులో అక్కడి మేస్త్రీకి, కూలీకి ఎంత పోతుందో లెక్క చూపిస్తారా? చూపించనివాళ్లకు ఒక్క రూపాయి కూడా కట్టకండి.

మూడు, అక్కడివాళ్లకు రాని పని నాకు ఏం వచ్చు? ఏమీ రాకపోతే సిగ్గుపడనక్కర్లేదు. సేవ అనకుండా, నేర్చుకోవడానికి వస్తున్నానని చెప్పి వెళ్లండి. ఇవాన్ ఇలిచ్ అనే ఆయన 1968లో, మెక్సికోకు సేవకు వెళ్లే అమెరికా విద్యార్థులకు ముఖం మీదే ఇలాంటి మాట చెప్పాడు. చూడడానికి, చదువుకోవడానికి రండి, మమ్మల్ని ఉద్ధరించడానికి మాత్రం రావద్దు అన్నది ఆయన మాటల సారం.

నాలుగు, నేను వెళ్లిపోయాక దాని బాగోగులు ఎవరు చూస్తారు? ఆ మనిషి పేరు చెప్పగలరా?

ఐదు, పర్యాటక వీసా మీద పంపుతున్నారా? చాలా దేశాల్లో ఆ వీసా మీద పని చేయకూడదు, జీతం లేని పని అయినా సరే. పరాయి దేశంలో పట్టుబడితే పంపిన ఏజెంటు ఫోను ఎత్తడు.

ఒక హెచ్చరిక ఆడపిల్లల వార్డెన్‌గా చెబుతున్నాను. మీరు ఎక్కడికి వెళ్లినా అక్కడి పిల్లలు ఫొటోలకు బొమ్మలు కారు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఒక్క ఫొటో తీయకండి. మిమ్మల్ని ఏమీ విచారించకుండా నేరుగా పిల్లల గదుల్లోకి పంపే సంస్థ అయితే, అది మంచి సంస్థ కాదని అక్కడే తెలుసుకోండి. మీలాగే రేపు ఇంకెవరినైనా అలాగే పంపుతుంది. మా హాస్టల్లో బయటివాళ్లెవరూ పిల్లలు పడుకునే గదుల వైపు అడుగు పెట్టరు, ఎంత పెద్ద చందా ఇచ్చినా సరే. మన పిల్లలకు మనం కోరుకునేదే అక్కడి పిల్లలకూ ఇవ్వాలి.

ఇంక మంచి దారులు. ఐక్యరాజ్య సమితి వాలంటీర్ల సంస్థ 1970 నుంచి ఉంది. అందులో పేరు నమోదుకు ఫీజు లేదు. ఎంపికైతే బతకడానికి భత్యం వాళ్లే ఇస్తారు. 18 ఏళ్లు నిండినవాళ్లకు అవకాశాలు ఉంటాయి. ఎంపిక సులువు కాదు. చదువు, అనుభవం, ఇంగ్లిషు మూడూ చూస్తారు. కాబట్టి తయారీ ఇప్పటి నుంచే మొదలుపెట్టాలి. కాలేజీలో ఉన్నవాళ్లు 1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరండి. కేంద్ర విద్యాశాఖ 2021లో తెచ్చిన విద్యాంజలి పోర్టల్‌లో బడులే తమకు ఏం కావాలో రాస్తాయి, వాలంటీర్లు అది చూసి ముందుకు వస్తారు. బడి అడిగింది, మనం వెళ్లాం అన్న వరస అక్కడ సరిగ్గా ఉంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్ చదువుతున్న తమ్ముళ్లు మాది చిన్న చదువు అని తల దించుకుంటారు. దించకండి. ప్రిట్జ్‌కర్ బహుమతి దాకా వెళ్లిన మనిషి మొదలైంది వడ్ల పనితోనే.

చివరగా సంఘాన్ని, మిమ్మల్ని ఒకటి అడుగుతాను. వేసవి సెలవుల తర్వాత జూన్ 12న బడులు తెరుచుకుంటాయి. ఆ వెంటనే వానలు. ఈ మే నెలలో రెండు ఆదివారాలు నాకు ఇవ్వండి. ప్రతి రాయి సెంటరు పరిధిలో పని తెలిసిన ఐదుగురు చాలు. ఒక సుతారి మేస్త్రీ, ఒక ఎలక్ట్రీషియన్, ఒక ప్లంబరు, సివిల్ చదివిన ఒకరు, రాసుకోవడానికి ఒక ఆడపిల్ల. ఆడపిల్ల ఎందుకంటే, బాత్‌రూం తలుపు గడియ సంగతి ఆమెకే గుర్తొస్తుంది. మొదటి ఆదివారం ఊరి బడికి వెళ్లి హెడ్మాస్టరును, వంటమనిషిని, పిల్లలను అడగండి, నిచ్చెన వేసి కప్పు ఎక్కండి, చూసింది రాయండి. ఐటీడీఏకు చెప్పాల్సిన పెద్ద పనులు ఒక కాగితం మీద, మన చేతులతో అయ్యేవి ఇంకో కాగితం మీద రాయండి. రెండో ఆదివారం మన చేతులతో అయ్యేవి చేసేద్దాం. మేస్త్రీకి ఆ రోజు కూలి సంఘం నుంచి ఇవ్వాలని పెద్దలను కోరుతున్నాను. ఆయనకూ పొయ్యి వెలగాలి కదా.

అలా రెండు మూడేళ్లు పని చేసినవాళ్లలో ఎవరైనా రేపు నేపాల్‌కో, ఆఫ్రికాకో వెళ్తానంటే, వాళ్ల దరఖాస్తు మీద సిఫారసు సంతకం నేనే పెడతాను. వాళ్లు కట్టిన గోడను రాత్రి ఎవరూ ఊడదీయనక్కర్లేదు.

పేర్లు ఇవాళే రాయించండి. భోజనాల దగ్గర బల్ల మీద పుస్తకం పెట్టాను, పెన్ను కూడా కట్టి ఉంచాను.

జై సేవా!